తక్‌పట్టీ రాసే చేతికి 27 టెక్నాలజీలు: ఒక కేస్ స్టడీ

2024 మే నెలాఖరు. ఎండకు హన్మకొండ చౌరస్తాలో మనిషి కనిపించని మధ్యాహ్నం వేళ ఒకాయన చంకలో ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకంతో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం వచ్చిన దుకాణదారు కాబోలు అనుకున్నాను. కూర్చుని, మంచినీళ్లు తాగి, "వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను మేడమ్. ఏది నేర్చుకోవాలో మాత్రం తేలడం లేదు" అన్నారు.

వయసు 34. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ఒక అడ్తిలో, అంటే రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ దుకాణంలో, పన్నెండేళ్లుగా గుమస్తా. బీకాం చదివారు. పత్తి, మిర్చి సీజన్లలో తెల్లవారకముందే యార్డుకు వెళ్లి, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి చెప్పిన బరువు రాసుకుని, రైతుకు అమ్మకం లెక్క చీటీ అయిన తక్‌పట్టీ రాసిచ్చి, సాయంత్రం రోజువారీ పద్దుల చిట్టా ముగించి ఇంటికి వచ్చే పని. ఈ పని మానేసి వెబ్ డెవలపర్ కావాలని అప్పటికి పదకొండు నెలలుగా తంటాలు పడుతున్నారు. ఒక కోచింగ్ సెంటర్‌లో నాలుగు నెలల ఫుల్ స్టాక్ (తెర ముందు పని, వెనక పని రెండూ నేర్పే) కోర్సుకు ఫీజు కట్టారు, మూడో నెలలో మానేశారు. తర్వాత ఆన్‌లైన్‌లో మూడు కోర్సులు మొదలుపెట్టారు, మూడూ సగంలో ఉన్నాయి.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి 2016లో హన్మకొండకు తిరిగి వచ్చాను. ముగ్గురం కలిసి బడులకు, విత్తనాల దుకాణాలకు, నర్సింగ్ హోములకు వెబ్‌సైట్లు చేస్తుంటాం. రంగం మారాలనుకునేవారు ఆదివారాలు నా దగ్గరికి వస్తుంటారు. వచ్చినవారిలో మధ్యలో వదిలేసినవారే ఎక్కువ, అది దాచను. ఈయన కథ రాయడానికి కారణం వేరే. నేను చేసిన తప్పు ఒకటి ఇందులో ఉంది. పైగా ఆయన వెంట తెచ్చిన ఆ ఖాతా పుస్తకమంత స్పష్టంగా, ఏది నేర్చుకోవాలో తేలక ఆగిపోయే ఈ జబ్బును చూపినది నేను ఇంతవరకు చూడలేదు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, అడ్తి వివరాలు వదిలేశాను.

ఖాతా పుస్తకంలో ఏముంది

పుస్తకం తెరిస్తే ఎడమవైపు టెక్నాలజీ పేర్లు, కుడివైపు "ఎవరు చెప్పారు" అన్న గడి. దస్తూరి ముత్యాల్లా ఉంది, ఎక్కడా కొట్టివేత లేదు. రియాక్ట్ ఎదుట "బావమరిది". స్ప్రింగ్ బూట్ ఎదుట "కోచింగ్ సెంటర్ కౌన్సెలర్". యాంగ్యులర్ ఎదుట "బావమరిది స్నేహితుడు, గచ్చిబౌలి". మాంగోడీబీ, నెక్స్ట్ జేఎస్, టైప్‌స్క్రిప్ట్, టెయిల్‌విండ్, డాకర్‌ల ఎదుట వరుసగా "వీడియో, వీడియో, వీడియో, వీడియో, వీడియో". మొత్తం 27 పేర్లు. హెచ్‌టీఎంఎల్ 19వ స్థానంలో ఉంది. దాని ఎదుట గడి ఖాళీ. ఎవరూ చెప్పలేదట, అన్నింట్లోనూ ఉంటుంది కదా అని తానే రాసుకున్నారట.

నేను మూడో గడి గీసి పైన "ఏ పనికి?" అని రాశాను. 27 పేర్లలో ఏది ఏ పనికి వస్తుందో తెలిసినంత రాయమన్నాను. అరగంట కూర్చున్నారు. హెచ్‌టీఎంఎల్ ఎదుట "పేజీ రాయడానికి", మైఎస్‌క్యూఎల్ ఎదుట "డేటా దాచడానికి" అని రాసి పెన్ను మూత పెట్టేశారు.

తర్వాత చిన్న పరీక్ష పెట్టాను. ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్ ఇచ్చి, "మీ అడ్తి పేరు, ఫోన్ నంబరు ఉన్న ఒక పేజీ చేయండి. నంబరు తాకితే ఫోన్ కలవాలి, అంతే" అన్నాను. ఆయన వెంటనే అడిగిన ప్రశ్న: "ఏ ఫ్రేమ్‌వర్క్‌లో మేడమ్?" ఫ్రేమ్‌వర్క్ అంటే ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రం. మీ ఇష్టం అన్నాను. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, కోర్సులో నేర్పిన ఆదేశం ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టారు. నెట్ లేదు కాబట్టి రియాక్ట్ దిగుమతి కాలేదు. మళ్లీ కొట్టారు, కాలేదు. ఇక ఏం చేయాలో తెలియక నా వైపు చూశారు. నోట్‌ప్యాడ్ తెరిచి పది వరుసలు రాసి చూపించాను. బ్రౌజర్‌లో అడ్తి పేరు కనబడగానే ఆయన ముఖంలో సంతోషం బదులు కోపం కనిపించింది. "ఇది మొదటి రోజే ఎందుకు చెప్పరు?" అన్నారు. న్యాయమైన కోపమే.

ఈయనకు తెలివికి కొదవ లేదు, ఓపికకూ లేదు. మరి పదకొండు నెలలు ఎందుకు పోయాయి? మొదటి రెండు ఆదివారాలు మాట్లాడాక నాకు తోచింది ఇది. అడ్తిలో పద్దు తప్పు పడితే గుమస్తా జీతంలోంచి పోతుంది. కొట్టివేత ఉన్న తక్‌పట్టీని రైతు నమ్మడు, ఖరీదుదారు ఒప్పుకోడు. అందుకే అంకె ఖాయమయ్యాకే పెన్ను కాగితానికి తాకించడం ఆయనకు అలవాటైపోయింది. పన్నెండేళ్లు ఆయనకు అన్నం పెట్టిన గుణమే ఇక్కడ కాళ్లకు అడ్డం పడింది. సరైన టెక్నాలజీ ఏదో ఖాయమయ్యేవరకు మొదటి వరుస రాయకూడదని కూర్చున్నారు. ఈ రంగంలో అది ఎప్పటికీ ఖాయం కాదు.

అందుకే అందరూ ఆఖరున నేర్పే గిట్‌ను నేను ఆయనకు రెండో వారమే చూపించాను. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ పని కోసం రాసుకున్న పనిముట్టు అది. కొట్టివేసిన ప్రతి పద్దునూ తేదీతో సహా భద్రంగా ఉంచే చిట్టా అనుకోండి అన్నాను. ఎంత చెడగొట్టినా నిన్నటి పేజీకి వెళ్లిపోవచ్చు. దాన్ని ఆయన నాలుగైదు సార్లు కావాలనే చెడగొట్టి, వెనక్కి తెచ్చి చూసుకున్నారు. ఆ రోజు నుంచి చేయి ఆడింది.

ఈ గుట్ట ఎందుకు పెరిగింది

ఆయన జాబితాలోని పేర్లు ఒకదానికొకటి పోటీగా పుట్టినవి కావని చెప్పడానికి ఒక పూట పట్టింది. ఒక్కొక్కటి ఎవరికో వచ్చిన ఒక్కో నొప్పికి మందు. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం రాశాడు. తర్వాత ఒక్కో బ్రౌజర్ ఒక్కో తీరుగా ప్రవర్తిస్తుంటే విసిగి 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీ తెచ్చాడు. సర్వర్ ఒకేసారి వేల కనెక్షన్లు మోయాలని 2009లో రయాన్ డాల్ నోడ్ రాశాడు. వేలాది ఫైళ్ల కోడ్‌లో తప్పులు ముందే పట్టుకోవాలని మైక్రోసాఫ్ట్ 2012లో టైప్‌స్క్రిప్ట్ ఇచ్చింది. తెరమీద ఒకచోట మారిన అంకె పదిచోట్ల మారాల్సిన బాధ ఫేస్‌బుక్‌కు ఉంది, 2013లో వాళ్లు రియాక్ట్‌ను అందరికీ ఇచ్చేశారు. ఆ నొప్పి మనకు లేనప్పుడు ఆ మందు చేదుగా తప్ప మరోలా ఉండదు.

మందు మారిపోవడం కూడా ఉంటుంది. నేను 2015లో ఒక ఖాతాదారుకు యాంగ్యులర్ జేఎస్‌తో పెద్ద పని చేసి పెట్టాను. మరుసటి ఏడాది సెప్టెంబరులో యాంగ్యులర్ 2 వచ్చింది. పేరు అదే, లోపల అంతా వేరు. పాత కోడ్ దాంట్లో నడవదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ గూగుల్ పాతదానికి మద్దతు పూర్తిగా ఆపింది 2022 జనవరి నాటికి. అంటే అయిదేళ్లకు పైగా ఆ పని అలాగే నడిచింది, వాళ్లు డబ్బులు కూడా ఇచ్చారు. కొత్తది వచ్చిందన్న వార్తకూ పాతది ఆగిపోవడానికీ మధ్య ఎంత కాలం ఉంటుందో చెబితే ఆయనకు కాస్త ఊపిరి ఆడింది.

27 పేర్ల పేజీకి గుండుసూది పెట్టి మూసేశాం. చించలేదు. ఖాతా పుస్తకంలో పేజీ చించడానికి ఆయన ససేమిరా ఒప్పుకోలేదు.

జూన్ నుంచి ఆగస్టు దాకా

మార్కెట్‌కు ఇది ఖాళీ కాలం. పత్తి అక్టోబరుకు గాని రాదు, మిర్చి వేసవితో తగ్గిపోతుంది. రంగం మారాలనుకునే మనిషికి సంవత్సరంలో ఏ నెలలు దొరుకుతాయో చూడకుండా వేసిన ప్రణాళిక కాగితానికే పరిమితం. మాకు నాలుగు నెలలు ఉన్నాయని లెక్క వేసుకున్నాం.

మొదటి పని అడ్తికి ఒక పేజీ. విజిటింగ్ కార్డు వేసిన డీటీపీ దుకాణం నుంచి తెలుగు అక్షరాల ఫైలు తెచ్చుకుని పేజీలో అతికించారు. తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తుల కలగాపులగం. ఫైలు చెడిపోయిందనుకుని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లి గొడవపడి వచ్చారు. నిజానికి ఫైలు బాగానే ఉంది. మన డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్న పద్ధతి. ఆ ఫాంట్ లేనిచోట అసలు రంగు బయటపడుతుంది. ఫోన్ కీబోర్డుతో యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశారు. తర్వాత ఇంకో చిక్కు. కోర్సులో చెప్పినట్టు వరుసల ఎత్తు 1.2 పెట్టారు. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో పై వరుసలోని "రాష్ట్ర" కింది వత్తులు దిగి కింది వరుస గుడి దీర్ఘాల మీద కూర్చున్నాయి. 1.8 చేసేసరికి ఊపిరి ఆడింది. ఈ ముక్క ఏ కోర్సులోనూ ఉండదు. వరంగల్‌లో తెలుగు సైట్లు చేసేవాడికి మాత్రం మొదటి వారంలోనే కావాలి.

రెండో పని తక్‌పట్టీ లెక్క కట్టే పేజీ. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర ఇస్తే హమాలీ, కమీషన్ తీసేసి చేతికి వచ్చేది చూపాలి. జావాస్క్రిప్ట్ పుస్తకం తెరవలేదు. లెక్క నడవనప్పుడే కావలసిన ముక్క చదువుకున్నాం. రెండు బోరాల తూకం 42, 38 ఇచ్చి కూడితే 4238 వచ్చింది. పడీ పడీ నవ్వుకున్నాం. పెట్టెలో టైపు చేసింది బ్రౌజర్‌కు అంకె కాదు, అక్షరాల వరుస. కూడమంటే పక్కపక్కన అతికించింది. డేటా టైపుల మీద ఆయనకు నేను విడిగా పాఠం చెప్పాల్సిన అవసరం తర్వాత రాలేదు.

దీనికన్నా విలువైన తప్పు ఆగస్టు మొదటి వారంలో దొరికింది. 4.35 క్వింటాళ్లను కిలోల్లోకి మార్చాలని వందతో హెచ్చించి, దశాంశాలు అక్కర్లేదు కదా అని కోసేశారు. 434 వచ్చింది. నేనైతే చూసి ఉండేదాన్ని కాను. ఆయన చూపు అక్కడే ఆగింది. "అక్కా, రైతుకు కిలో పోయింది" అన్నారు. అప్పటికి మేడమ్ అక్క అయింది. కోయకముందు ఎంత వస్తోందో చూస్తే 434.99999999999994. కంప్యూటర్ దశాంశాలను 0, 1 అనే రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది, మన 4.35 దాంట్లో కచ్చితంగా ఇమడదు. 0.1కి 0.2 కలిపినా అంతే, 0.30000000000000004 అంటుంది. మందు తెలిసిందే: తూకాన్ని మొదటి నుంచీ కిలోల్లో, డబ్బును పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంచుకోవాలి. చూపించేటప్పుడు మాత్రమే క్వింటాళ్లు, రూపాయలు. పొడవు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే ఆ ఒక్క కిలో 75 రూపాయల 21 పైసలు. ఇంజినీరింగ్ చదివి నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఎందరో ఇలాంటి లెక్కల పేజీలు చేశారు, ఇది పట్టుకున్నవాళ్లను చూడలేదు. వాళ్లెవరూ కాంటా దగ్గర కిలో కోసం గొంతు చించుకున్న రైతును చూడలేదు మరి.

నా తప్పు

ఆగస్టు మధ్యలో నాకు ఒక నర్సింగ్ హోము పని వచ్చింది, రియాక్ట్‌తో చేయాల్సింది. చేతులు తక్కువయ్యాయి. ఈయన బాగా అందుకుంటున్నారు కదా, మనిషికి అనుభవమూ వస్తుంది, నాకూ సాయం అవుతుంది అనుకుని దింపాను. ఆయన మేలు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం నా గడువు.

మూడు వారాలు. పాత వీడియో ఒకటి పట్టుకుని, రియాక్ట్ పనికి పునాది వేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పనిముట్టుతో మొదలుపెట్టారు. స్టేట్ (పేజీ గుర్తుంచుకునే డేటా) అన్నారు, దాన్ని చూసుకోవడానికి రీడక్స్ కావాలని ఎవరో చెప్పారు, రీడక్స్ పాతదైపోయిందని ఇంకొకరు చెప్పారు. మూడో ఆదివారం వచ్చినప్పుడు పుస్తకానికి గుండుసూది లేదు. జాబితాలో పేర్లు 34 అయ్యాయి. తక్‌పట్టీ పేజీని పది రోజులుగా తెరవలేదు. మళ్లీ మాటల్లో "ఏది నేర్చుకుంటే" మొదలైంది. చాట్‌జీపీటీతో రాయించుకున్న రెండు వందల వరుసలు చూపించారు. నడుస్తున్నాయి. గదిలో బెడ్ల సంఖ్య ఒక్కటి మార్చమంటే ఎక్కడ ముట్టుకోవాలో తెలియలేదు.

ఆయనను ఆ పని నుంచి తప్పించి, తప్పు నాదని చెప్పాను. ఏఐ వాడొద్దని కూడా గట్టిగా అన్నాను. ఇప్పుడు చూస్తే ఆ ఆంక్ష అతిగా అనిపిస్తుంది. నవంబరు నుంచి పద్ధతి మార్చాం: అడగండి, కానీ ప్రతి వరుస ఎందుకు ఉందో నాకు తెలుగులో చెప్పగలిగితేనే ఉంచండి.

చిట్టా నుంచి ఆవర్జాకు

సెప్టెంబరులో తక్‌పట్టీలను దాచే చోటు కావలసి వచ్చింది. నోడా, పీహెచ్‌పీనా, జావానా? ఇక్కడ జాబితాను కాకుండా ఊరిని చూసి నిర్ణయించాం.

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచినప్పటి నుంచి వరంగల్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అన్న ఆశ మా ప్రాంతంలో బాగా పెరిగింది. మంచిదే. కానీ అలాంటి కంపెనీల గుమ్మం ఒకటి, ఊళ్లో బడి సైటో విత్తనాల దుకాణం సైటో చేసిపెట్టే పని గుమ్మం ఇంకొకటి. హైదరాబాద్ కంపెనీల ప్రకటనలు ఒక సాయంత్రం కూర్చుని చదివాం. సర్వర్‌లో నడిచే వెనకవైపు పనికి జావా స్ప్రింగ్ బూట్, డాట్ నెట్, నోడ్ అడుగుతున్నారు. ఫ్రెషర్ అన్నచోట చాలావాటిలో డిగ్రీ పూర్తయిన సంవత్సరం గడి ఉంది. ఈయన డిగ్రీ ఎప్పుడో 2011లో. ఆ గడి దగ్గరే వడపోత అయిపోతుంది. మన ఊళ్లో పని చూస్తే వర్డ్‌ప్రెస్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. ఎందుకంటే ఒక చిన్న బడి ఏడాదికి కొద్ది వేలు పెట్టి షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) కొంటుంది, దాంట్లో పీహెచ్‌పీ అడగకుండానే నడుస్తుంది. నోడ్ కావాలంటే చాలాసార్లు విడిగా సర్వర్ తీసుకుని దాన్ని చూసుకునే మనిషిని పెట్టుకోవాలి. 1995లో వచ్చిన పీహెచ్‌పీని ఇంకా ఎవరు వాడతారని బావమరిది వెక్కిరించాడట. బావమరిదికి గచ్చిబౌలిలో ఉద్యోగం ఉంది, ఈయనకు హన్మకొండలో కావాలి. పీహెచ్‌పీ ఖాయం చేశాం.

దాచిన డేటాను అడిగి తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ దగ్గర నేను బోధించేదాన్ని కాస్తా వినేదాన్ని అయ్యాను. గ్రూప్ బై అంటే ఏమిటో నా అలవాటు ఉదాహరణతో మొదలుపెట్టగానే ఆపి, "చిట్టాలో రోజువారీ పడ్డ పద్దులను రైతు పేరు వారీగా ఆవర్జాకు ఎక్కించడమే కదా" అన్నారు. అదే. ఆవర్జా అంటే ఒక్కొక్కరి పేరున ఖాతా ఉండే పుస్తకం. ప్రైమరీ కీ ఆయనకు ఖాతా నంబరు. ఒకే పేరున్న ఇద్దరు రైతులు ఒకే ఊరి నుంచి వస్తే తండ్రి పేరు కూడా రాసుకుంటామని తానే చెప్పారు. ట్రాన్సాక్షన్ అంటే జమ పడి ఖర్చు పడకుండా మిగిలిపోకూడదు, పడితే రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. ఇది వివరించడానికి నాకు మామూలుగా ఒక వారం పడుతుంది. ఆయనకు టీ చల్లారేలోపు అయిపోయింది. అదే మనిషి పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌లో ఒక పెట్టెను మధ్యకు తేవడానికి రెండు రోజులు తిప్పలు పడ్డారు, ఇప్పటికీ పడతారు.

పత్తి వచ్చింది

అక్టోబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా కొత్త పాఠాలు లేవు. రోజుకు 40 నిమిషాలు, ఉన్నదాన్ని బాగుచేయడం, అంతే. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు కాబట్టి ఆదివారం ఒక గంట నా దగ్గర. ఈ నెలల్లో నేర్చుకోలేకపోతున్నానన్న బెంగతోనే చాలామంది మొత్తం మానేస్తారు. ముందే ఒప్పందం ఉంది కాబట్టి బెంగ కాస్త తగ్గింది, పూర్తిగా పోయిందని చెప్పను. డిసెంబరులో రెండు వారాలు ఫోను ఎత్తలేదు.

ఆయన పేజీని యజమాని వాడారా? కార్బన్ కాగితం పుస్తకం పక్కన పెట్టడానికి యజమాని ఒప్పుకోలేదు. రైతు చేతిలో పెట్టే తక్‌పట్టీ చేతిరాతతోనే ఉండాలన్నారు. సాయంత్రం చిట్టా సరిచూసుకోవడానికి మాత్రం పేజీ వాడుకోనిచ్చారు. అదీ మంచిదే అయింది. చేతి లెక్కకూ పేజీ లెక్కకూ తేడా వచ్చిన ప్రతిసారీ ఎవరిది తప్పో వెతకాల్సి వచ్చేది. నాలుగుసార్లు పేజీది, రెండుసార్లు చేతిది. చేతిదైనప్పుడు ఆయన నొచ్చుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి సందేశం: "అక్కా, క్రియేట్ రియాక్ట్ యాప్ ఆపేశారట." నిజమే, 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే ఇక దాంతో కొత్త పనులు మొదలుపెట్టవద్దని ప్రకటించింది. ఆగస్టులోనైతే ఈ వార్త ఆయనను నెల రోజులు పడుకోబెట్టేది. ఆ రాత్రి సందేశం కింద ఇంకో వరుస ఉంది: "మూడు వారాలే పోయాయి, మేలు."

మార్చిలో రియాక్ట్ మళ్లీ తెరిచాం. ఈసారి నేను చెప్పలేదు. రైతుల జాబితా పెరిగింది. వెతికితే వరుసలు తగ్గాలి, పైన మొత్తం మారాలి, పక్కన బకాయి మారాలి. ఒక్కో అంకెను మూడుచోట్ల చేత్తో మార్చి మార్చి విసిగి, "దీనికేమైనా ఉందా అక్కా" అని ఆయనే అడిగారు. ఈసారి క్రియేట్ రియాక్ట్ యాప్ బదులు వీట్ అనే పనిముట్టుతో మొదలుపెట్టించాను. పది రోజుల్లో జాబితా భాగం రియాక్ట్‌లో నడిచింది. ఫైళ్లు పీహెచ్‌పీ పక్కనే అదే చవక హోస్టింగ్‌లో పెట్టాం.

ఉద్యోగం

ఏప్రిల్ నుంచి వెతుకులాట. ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. అమీర్‌పేట వైపు నుంచి ఒక ఏజెంటు ఫోన్ చేసి, డబ్బు కడితే మూడేళ్ల అనుభవం పత్రాలు పెట్టిస్తానన్నాడు. ఇంటర్వ్యూలో పక్కనుంచి జవాబులు చెప్పే మనిషిని కూడా ఏర్పాటు చేస్తాడట. ఈయన ఊగారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మకు మందులు, ఊగరా? నేను నీతి చెప్పలేదు. పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరులో ఏ కంపెనీ ఎప్పుడు పీఎఫ్ కట్టిందో కనబడుతుందని, పనిలోకి తీసుకున్నాక కూడా కంపెనీలు దాన్ని సరిచూస్తాయని మాత్రం చూపించాను. లెక్కల మనిషి కాబట్టి అది అర్థమైంది.

పెద్ద కంపెనీల నుంచి జవాబులు రాలేదు. హైదరాబాద్‌లో రెండు ఇంటర్వ్యూలకు కాజీపేటలో రైలెక్కి వెళ్లి వచ్చారు. ఒకచోట వయసు అడిగి టీ ఇచ్చి పంపారు. రెండోచోట అల్గారిథం ప్రశ్నకు తెల్లబోయారు. అది మా లోపమే, దానికి మేం సిద్ధం కాలేదు. జూలైలో హన్మకొండలోనే అయిదుగురు పనిచేసే ఒక చిన్న సంస్థలో కుదిరింది. ఎరువుల డీలర్లకు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. ఇంటర్వ్యూలో తక్‌పట్టీ పేజీ చూపించి, ఆ 4.35 కథ చెప్పారట. యజమాని అప్పటికప్పుడు తమ సాఫ్ట్‌వేర్ తెరిచి అదే లెక్క వేసి చూసుకున్నాడట. ఏమి వచ్చిందో ఈయన నాకు చెప్పలేదు, కొత్త కొలువు మర్యాద.

జీతం సంగతి. అడ్తిలో నెల జీతం, సీజన్‌లో ఇచ్చే మామూలు కలిపితే వచ్చేదానికన్నా ఇప్పుడు వచ్చేది తక్కువ. మొదటి ఏడాది ఇది ఇలాగే ఉంటుందని ఆయన భార్యకు కూడా ముందే చెప్పాం. ఆమె అడిగింది ఒకే ప్రశ్న, రెండో ఏడాది ఎంత అని. నా దగ్గర అంకె లేదు. సాయంత్రాలు చిన్న చిన్న సైట్ల పని చేస్తే లోటు కొంత పూడుతుందని లెక్క వేసి, మా దగ్గరున్న రెండు బడుల సైట్ల నిర్వహణ ఆయనకు అప్పగించాను.

మొదటి నెల చివర నాకు బిల్లు పంపారు. పీడీఎఫ్ తెరిస్తే అచ్చం తక్‌పట్టీ. పైన నా పేరు, ఊరు. బస్తాలు అన్నచోట పేజీలు, తూకం అన్నచోట గంటలు, ధర, మొత్తం. కింద నాకు రావలసిన కమీషన్ తీసేసి నికరం. పైసలతో సహా సరిపోయింది. తెలుగు వరుసల మధ్య ఎత్తు కూడా 1.8 ఉంది. సంతకం చేసి డబ్బు పంపించేశాను.